బోర్డు మీది అంకెనా, జీపులో వచ్చే ఇన్‌స్పెక్టరా: ఏది మేలు?

చీమకుర్తి దగ్గర ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో ఆరేళ్లు గుమాస్తాగా చేశాను. గేటు పక్కన నల్లబోర్డు ఉండేది: 'ప్రమాదం లేకుండా గడిచిన రోజులు'. పొద్దున్నే రాగానే పాత అంకె తుడిచి, ఒకటి కలిపి రాయడం నా పని. అది రెండు వందలు దాటిన వారమే ఒడిశా కుర్రాడొకడి వేళ్లు రెండు స్లాబుల మధ్య నలిగిపోయాయి. మర్నాడు చాక్‌పీసు పట్టుకుని ఓనరు వైపు చూశాను. "వాడు మన మస్టర్‌లో (హాజరు పుస్తకంలో) లేడు గదా, కాంట్రాక్టరు మనిషి" అన్నాడు. ఒకటి కలిపి రాశాను.

కాబట్టి "కంపెనీ రికార్డు చూడండి, మధ్యలో ప్రభుత్వమెందుకు?" అని ఎవరన్నా అంటే, ఆ రికార్డు ఎవరి చేతిరాతో ముందు అడుగుతాను.

మా బావ క్వారీలో ఫోర్‌మన్. ఆయనది రెండో వైపు. "ఇన్‌స్పెక్టర్ ఎప్పుడో ఒకసారి వస్తాడు బావా, మిగతా రోజులన్నీ మేమే గదా కాపలా? రాయి ఎక్కడ నెర్రె ఇచ్చిందో, రాయిని కోసే వైర్‌సా తీగ ఎప్పుడు తెగేట్టుందో ఆయనకేం తెలుసు?" అంటాడు. అందులో నిజముంది. తీగ తెగితే దాని మీది పూసలు తూటాల్లా ఎగురుతాయి. ఎదురుగా నిలబడకూడదని మనిషికి నేర్పేది కాగితం కాదు, పక్కనున్న పాత పనివాడే. ఓనరుకు కూడా లెక్క ఉంటుంది: బ్లాకు పగిలినా, పని ఆగినా నష్టం ఆయనదే.

కానీ ఆ లెక్కలో బ్లాకు విలువ పడ్డంత స్పష్టంగా మనిషి విలువ పడదు. దుమ్మునే తీసుకోండి. పొడి డ్రిల్లింగ్‌లో లేచే రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుంటే సిలికోసిస్. అది చాలాసార్లు పదేళ్లు దాటాక గానీ బయటపడదు. అప్పటికి ఆ మనిషి ఒడిశాలోనో బీహార్‌లోనో సొంతూళ్లో దగ్గుతుంటాడు. ఇక్కడి బోర్డు మీద మాత్రం రోజులు పెరుగుతూనే ఉంటాయి. డ్రిల్లింగ్ తడిపి చేయాలనీ, గనిలో చేరేటప్పుడు, ఆ తర్వాత ఐదేళ్లలోపు మళ్లీ వైద్య పరీక్ష చేయించాలనీ గనుల నిబంధనల్లో ఉంది. ఆ మాట ఏ ఓనరూ తనంతట తాను రాసుకున్నది కాదు, ప్రభుత్వం రాయించింది. ఇక్కడ నా ఓటు ఇన్‌స్పెక్టర్‌కే.

అయితే ఆ ఇన్‌స్పెక్టర్ ఎవరు? క్వారీ గని కిందికి వస్తుంది, 2025 నవంబర్ దాకా దానికి 1952 గనుల చట్టం వర్తించేది. ఆ ఇన్‌స్పెక్టర్ కేంద్ర ప్రభుత్వం మనిషి. ప్రధాన కార్యాలయం ధన్‌బాద్‌లో ఉన్నా, గనుల భద్రతా డైరెక్టరేట్‌కు నెల్లూరులోనే రీజియన్ ఆఫీసు ఉంది. గోడ అవతల అదే రాయిని కోసే యూనిట్ మాత్రం ఫ్యాక్టరీ, దాన్ని చూసేది రాష్ట్ర ఫ్యాక్టరీల శాఖ. క్వారీకి లీజిచ్చి రాయల్టీ వసూలు చేసే గనుల శాఖ మళ్లీ వేరు. మా గేటు దగ్గర ఎక్కువ ఆగిన జీపు ఏదో చెప్పక్కర్లేదు, లారీలున్న చోట రాయల్టీ ఉంటుంది.

నిబంధనలకు పళ్లు లేవని కాదు. గట్టిరాతిలో కూడా బెంచి, అంటే మెట్టులా కోసిన రాతి గోడ, ఎత్తు ఆరు మీటర్లు దాటకూడదని 1961 నియమావళి. పెద్ద బ్లాకులు కావాలి గనుక అనుమతి తీసుకుని, షరతులతో అంతకంటే ఎత్తుగా కోసుకునే వీలుంది. ఆ షరతులు అమలవుతున్నాయా లేదా అన్నది మళ్లీ ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజే తేలాలి.

ఇన్‌స్పెక్టరే దేవుడని కూడా నేననను. 2020 మే 7న విశాఖ ఎల్జీ పాలిమర్స్‌లో స్టైరీన్ విషవాయువు లీకై 12 మంది చనిపోయారు. సైరన్ మోగించడానికి ఆ ప్లాంటులో 36 చోట్ల మీటలున్నా ఎవరూ నొక్కలేదని విచారణ కమిటీ తేల్చింది. తర్వాత తనిఖీ చేయాల్సిన శాఖల అధికారులనూ సస్పెండ్ చేశారు. కంపెనీ కాగితం, ప్రభుత్వ కాగితం రెండూ అక్కడే ఓడిపోయాయి.

2025 నవంబర్ 21 నుంచి పాత గనుల, ఫ్యాక్టరీల చట్టాల స్థానంలో కొత్త భద్రతా కోడ్ వచ్చింది. ఇన్‌స్పెక్టర్ ఇప్పుడు 'ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్', అంటే తనిఖీతో పాటు సలహా కూడా ఇచ్చేవాడు. తనిఖీకి ఎక్కడికెళ్లాలో కంప్యూటర్ ఎంచే పద్ధతికి కోడ్‌లో చోటిచ్చారు. అది జరిగితే మామూళ్లు తగ్గొచ్చు, సంతోషం. కానీ కరెంటుతో నడిచే ఫ్యాక్టరీ అనిపించుకోవాలంటే ఇంతకు ముందు పదిమంది చాలు, ఇప్పుడు ఇరవై మంది కావాలి. మా మస్టర్‌లో ఉన్నది 16 మంది. మిగతా వాళ్లు ఎక్కడుండేవాళ్లో పైన చెప్పాను.

2025 ఆగస్టు 3న, ఒకప్పటి ప్రకాశం జిల్లాలోని బల్లికురవ దగ్గర గ్రానైట్ క్వారీలో రాళ్లు విరిగిపడి ఆరుగురు ఒడిశా కూలీలు చనిపోయారు. నీరు ఊరి రాయి జారి ఉండొచ్చని అధికారులు మొదట చెప్పారు. రాతి గోడలో చెమ్మను ముందు చూసేదెవరు? నెల్లూరు నుంచి వచ్చే ఆఫీసరా, ఆఫీసు గదిలో గుమాస్తానా? జాక్‌హామర్ పట్టుకున్నవాడు. అందుకే రెండింటికన్నా నాకు మూడోది మేలనిపిస్తుంది. అది చట్టంలో లేకపోలేదు. 500 మంది, అంతకంటే ఎక్కువ ఉన్న గనిలో, యూనియన్‌ను సంప్రదించి కార్మికుల నుంచే ఇన్‌స్పెక్టర్లను నియమించాలని 1955 గనుల రూల్స్‌లోనే రాశారు. మన వైపు చాలా క్వారీలు ఆ అంకె దరిదాపుల్లోకి కూడా రావు. ఆ ఐదొందలను యాభైకి దించితే చీమకుర్తి ముఖచిత్రమే మారుతుంది.

ఈ మాట మా బావతో అన్నాను. కాసేపు టీ గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. "బాగానే ఉంది. చెమ్మ చూసి వాడు పని ఆపించాడనుకో, ఆ రోజు గ్యాంగు మొత్తానికి కూలి ఎవరిస్తారు?" అన్నాడు.

అది కూడా రూల్స్‌లో రాయాలన్నాను.