రాణీగంజ్‌లో కొన్న మేకులు

తలుపు చట్రం కోసం రాణీగంజ్‌లోని ఒక ఇనుప సామాన్ల దుకాణంలో కిలో రెండంగుళాల మేకులు కొన్నాను. తూకం సరిగ్గా ఉంది, దుకాణదారు ఓపిక మెచ్చదగినది. మా పాత ఇంటి ద్వారబంధం నుంచి ఊడిన నలుపలకల మేకును చూపగానే, మేకులు యంత్రాలపై తయారవడం మొదలయ్యేదాకా కమ్మరులు ఇనుమును కొలిమిలో కాల్చి, ఒక్కొక్కటిగా సాగగొట్టేవారని ఆయన ఎంతో ఇష్టంగా వివరించారు. అంచులున్న ఆ మేకు చెక్కను పట్టిన పట్టు నున్నని గుండ్రటి మేకుకు రాదు.

అయితే కొన్ని మేకుల తలలు ఒక పక్కకు ఒరిగి ఉన్నాయి. అలాంటి ఒకదానిపై సుత్తి జారి, నా బొటనవేలి గోరు కింద రక్తం గడ్డకట్టింది. గోరు మొదట్లో చర్మం కింద పుట్టే కణాలు కెరటిన్ అనే ప్రొటీన్‌తో నిండి గట్టిపడి, నెలకు సుమారు 3 మిల్లీమీటర్ల చొప్పున ముందుకు జరుగుతాయి కనుక, ఆ నల్లమచ్చ పూర్తిగా పోవడానికి ఆరు నెలలైనా పడుతుంది. అక్కడ మేకులు కొనేవారు గుప్పెడు చేతిలోకి తీసుకుని తలలు చూసుకోవాలి.