రొమ్ము క్యాన్సర్ ముప్పు అంచనా: గెయిల్ లెక్క మేలా, టైరర్-క్యూజిక్ మేలా?

రొమ్ము క్యాన్సర్ తనకు వచ్చే అవకాశం ఎంత అని అడిగే స్త్రీకి వైద్యులు ప్రధానంగా రెండు లెక్కలతో జవాబు చెబుతారు. మొదటిది అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థకు చెందిన మిచెల్ గెయిల్ బృందం 1989లో ప్రచురించినది, రెండోది 2004లో లండన్‌లో రూపుదిద్దుకున్న టైరర్-క్యూజిక్ నమూనా.

గెయిల్ లెక్క బలమంతా దాని సులువులో ఉంది. ప్రస్తుత వయసు, రజస్వల అయిన వయసు, తొలికాన్పు నాటి వయసు, తల్లికి, తోబుట్టువులకు, కూతుళ్లకు ఈ జబ్బు వచ్చిందా లేదా, ఇదివరకు బయాప్సీలు (రొమ్ములోంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్షలు) ఏమైనా జరిగాయా వంటి కొద్ది వివరాలతోనే అది రానున్న ఐదేళ్ల ముప్పునూ, 90 ఏళ్ల వయసు వరకు ఉండే ముప్పునూ శాతాల్లో చెబుతుంది. 35 ఏళ్లు నిండి, కుటుంబంలో ఎవరికీ ఈ జబ్బు లేని స్త్రీకి ఇది చాలు.

చిక్కంతా తండ్రి వైపు బంధువుల దగ్గర వస్తుంది. మేనత్తకు 38వ ఏట రొమ్ము క్యాన్సర్, నాయనమ్మకు అండాశయ క్యాన్సర్ వచ్చిన ఒక స్త్రీని ఊహించుకుంటే, ఆమె తల్లి, అక్కచెల్లెళ్లు ఆరోగ్యంగా ఉన్నంతవరకు గెయిల్ లెక్క ఆమెకు కుటుంబ చరిత్రే లేనట్టు చూస్తుంది. లోపభూయిష్టమైన జన్యువు తల్లి నుంచి వచ్చినంత సులువుగా తండ్రి నుంచీ వస్తుందన్నది దానికి పట్టదు. టైరర్-క్యూజిక్ మేనత్తలను, పిన్నమ్మలను, అమ్మమ్మ, నాయనమ్మలను, వారికి జబ్బు బయటపడిన వయసును, అండాశయ క్యాన్సర్‌ను కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ఎత్తు, బరువు, ముట్లుడిగిన వయసు, హార్మోన్ మందుల వాడకం, కొత్త రూపంలో రొమ్ము సాంద్రత (కొవ్వుతో పోలిస్తే గ్రంథుల కణజాలం ఎంత ఉందన్నది) కూడా అడుగుతుంది. అందుకే కుటుంబంలో ఏ వైపునైనా జబ్బు ఉన్నవారికి ఇదే మేలని నా అభిప్రాయం. కాకపోతే బయాప్సీలో అసాధారణ కణాలు కనిపించినవారికి ఇది ముప్పును ఎక్కువ చేసి చూపుతుందని తేలింది. పైగా దానికి కావలసిన వివరాలు మన ఇళ్లలో దొరకడమే కష్టం: "కడుపులో గడ్డ లేచి పోయింది" అన్న మాటకు మించి నాయనమ్మ గురించి ఎవరూ చెప్పలేరు.

రెండూ ప్రధానంగా పాశ్చాత్య జనాభా మీద కట్టిన లెక్కలే. భారతదేశంలో ఈ జబ్బు రేటు అక్కడికంటే తక్కువ కనుక, వచ్చిన శాతాన్ని ఉన్నదున్నట్టు నమ్మకుండా, తన ముప్పు సగటుకు పైనుందా కిందనుందా అన్నంతవరకే తీసుకోవడం వివేకం. అమెరికా క్యాన్సర్ సొసైటీ మాత్రం, ప్రధానంగా కుటుంబ చరిత్రపై ఆధారపడే నమూనాల ప్రకారం జీవితకాల ముప్పు సుమారు 20 శాతం దాటితే మామోగ్రామ్‌తో (రొమ్ము ఎక్స్‌రేతో) పాటు ఏటా ఎం.ఆర్.ఐ. కూడా చేయించుకోమంటుంది.

పైన చెప్పిన మేనత్త వంటి ఉదంతంలో అసలు చేయించవలసింది బి.ఆర్.సి.ఎ. జన్యు పరీక్ష, అంటే లోపం ఉంటే రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచే రెండు జన్యువుల పరీక్ష. బి.ఆర్.సి.ఎ.1 లోపం ఉన్నవారిలో 80 ఏళ్లలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం సుమారు 72 శాతం, బి.ఆర్.సి.ఎ.2 లోపం ఉన్నవారిలో సుమారు 69 శాతం అని 2017లో వెలువడిన పెద్ద అధ్యయనం తేల్చింది. మేనత్త బతికి ఉంటే ముందు ఆమెకే ఈ పరీక్ష చేయించాలి; ఆమెలో లోపం ఏమిటో తెలియకుండా మేనకోడలికి మాత్రమే చేయిస్తే, "లోపం లేదు" అన్న ఫలితం వచ్చినా దానిని బట్టి ధైర్యంగా ఉండడానికి వీలుండదు.