ట్రాన్స్‌ప్లాంట్ వార్డుకు భోజనం: రెండు లీటర్ల స్టీల్ కుక్కర్ రివ్యూ

అమ్మకు స్టెమ్ సెల్ ట్రాన్స్‌ప్లాంట్ తేదీ ఖాయమైనాక చిత్తూరు బజారు వీధిలో కొన్నాను దీన్ని. రెండు లీటర్ల స్టీల్ కుక్కర్, మందపాటి అడుగు, మూత బయటినుంచి బిగించే రకం. లోపల పట్టే చిన్న గిన్నెలు రెండు విడిగా తీసుకున్నా. అన్నీ కలిపి రెండు వేల లోపే అయింది. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ సైజులో పేరున్న కంపెనీలవన్నీ ఇంచుమించు ఇట్లనే ఉన్నాయి. ఐఎస్‌ఐ ముద్ర, దాంతోపాటు ఐఎస్ 2347 అనే నంబరు ఉందో లేదో మాత్రం చూసుకోండి. ఇంటి వాడకానికైతే ఈ రివ్యూ పనికిరాదు, ముగ్గురికి కూడా అన్నం చాలదు దీంట్లో. ఆస్పత్రి పక్కన గది తీసుకుని, లోపలున్న మనిషికి పూటపూటా వండి మోసుకుపోయే వాళ్ళ కోసం రాస్తున్నా.

అమ్మది మల్టిపుల్ మైలోమా, ఎముక మజ్జలో వచ్చే కేన్సర్. ట్రాన్స్‌ప్లాంట్ వేలూరులో. ఆమె స్టెమ్ సెల్సే, అంటే రక్తకణాలను పుట్టించే మూలకణాలే, ముందుగా తీసి దాచిపెట్టి, మెల్ఫలాన్ అనే కీమో మందు పెద్ద డోసులో ఇచ్చి, తర్వాత ఆ సెల్స్‌ను తిరిగి ఎక్కిస్తారు. కోత, కుట్లు ఏమీ ఉండవు, రక్తం ఎక్కించినట్టే ఎక్కిస్తారు. ఈ ముక్క చుట్టాలకు చెప్పీ చెప్పీ నాకు విసుగొచ్చింది. "ఏ ఎముక తీసినారు నాయనా?" అని అడిగిన పెద్దమనిషి కూడా ఉన్నాడు. అసలు టెన్షన్ ఆ తర్వాత మొదలవుతుంది. తెల్లకణాలు దాదాపు సున్నాకు పడిపోతాయి. వార్డు బయట కూర్చున్న అందరి నోటా ఒకటే మాట: కౌంట్. కౌంట్ పడింది, కౌంట్ ఇంకా లేవలేదు. న్యూట్రోఫిల్స్ అనే రకం తెల్లకణాలు 500 దాటి వరసగా మూడు రోజులు నిలబడితేనే సెల్స్ పట్టుకున్నాయని లెక్క. మామూలుగా అది రెండు వారాలకు అటూ ఇటూగా జరుగుతుంది. అంతవరకు మనకేమీ చేయని సూక్ష్మజీవి కూడా వాళ్ళకు ప్రమాదమే.

వార్డు డైటీషియన్ చెప్పింది ఒకటే. ఏది తెచ్చినా ప్రెషర్ కుక్కర్లో ఉడికిందే తేవాలి, వేడిగా తేవాలి, మిగిలింది మళ్ళీ పెట్టకూడదు. పక్క గదుల వాళ్ళు చాదస్తం అన్నారు గానీ నాకు మాత్రం డ్యూటీలో ఉన్నట్టే అనిపించింది. నేను పనిచేసేది మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో, క్వాలిటీ సెక్షన్. తోతాపురి గుజ్జు పుల్లటిది, పీహెచ్ (ఇది ఎంత తగ్గితే అంత పులుపు) 4.6కి బాగా దిగువన ఉంటుంది, అందుకే వంద డిగ్రీల లోపు వేడికే డబ్బాలో చెడకుండా నిలుస్తుంది. పప్పు, అన్నం, కూరగాయలకు ఆ పులుపు లేదు. వాటిలో ఉండే కొన్ని బ్యాక్టీరియాల స్పోర్లు, అంటే గట్టి పెంకుతో నిద్రపోయే రూపాలు, మరిగే నీళ్ళలో కూడా బతికే ఉంటాయి, వాటిని చంపాలంటే 121 డిగ్రీల దాకా పోవాలి. మామూలు గిన్నెలో ఎంత మంట పెట్టినా నీళ్ళు వంద దాటవు. కుక్కర్లో వెయిట్ లేచేసరికి లోపల 120 దరిదాపుల్లో ఉంటుంది. ఆస్పత్రిలో పరికరాలను క్రిములు లేకుండా చేసే ఆటోక్లేవ్ పనిచేసేది కూడా ఈ సూత్రం మీదే. అందుకని రెండు విజిల్స్ రాగానే దించేయకుండా, మొదటి విజిల్ తర్వాత మంట తగ్గించి పదిహేను నిమిషాలు ఉంచేవాణ్ణి.

ఇంత కఠినమైన పథ్యం అక్కర్లేదని చూపించిన పరిశోధనలు ఈమధ్య వచ్చాయి, సడలించిన ఆస్పత్రులూ ఉన్నాయి. మీ వార్డులో ఏం చెప్తే అది చేయండి. ఈ రివ్యూ చూపించి డాక్టర్లతో వాదనకు దిగొద్దు.

చిన్న సైజే ఎందుకంటే, అమ్మ తినేది నాలుగు చెంచాలు. ఇంట్లో ఉన్న అయిదు లీటర్ల దాంట్లో పిడికెడు బియ్యం వేస్తే అడుగంటుతుంది, ఎక్కువ వేస్తే పారబోయాలి. దీంట్లో పిడికెడు బియ్యం, అందులో సగం పెసరపప్పు, దండిగా నీళ్ళు పోస్తే మెత్తటి పొంగలి సరిగ్గా ఒక పూటకు వస్తుంది. తాలింపు చివర్లో వేసే అలవాటు మానుకోవాలి. నెయ్యి, జీలకర్ర, మిరియాలు, కరివేపాకు అన్నీ మూత పెట్టకముందే లోపల పడాలి. పైన కొత్తిమీర చల్లడం, నిమ్మకాయ పిండడం, పక్కన పెరుగు, ఊరగాయ, అన్నీ బంద్.

నాకు బాగా నచ్చింది ఏమిటంటే, కుక్కర్ మూత గదిలో తీయాల్సిన పనే లేదు. హాట్‌బాక్స్ అయితే వండింది తీసి అందులోకి మార్చాలి, గరిట తగులుతుంది, గాలి తగులుతుంది. ఇది వెయిట్‌తో సహా ఎత్తి, ఉతికిన గుడ్డలో చుట్టి, సంచిలో నిటారుగా పెట్టుకుని నడిచిపోవడమే. వార్డు దగ్గర చేతులు కడుక్కుని, మాస్కు వేసుకుని, అమ్మ లేచి కూర్చున్నాక వెయిట్ ఎత్తేవాణ్ణి. సుయ్యిమని కాస్త ఆవిరి వస్తే మనసు కుదుటపడేది. అమ్మకు ఆ సంతోషమేమీ లేదు. "ఇది అన్నమా బంకా? కారం లేదు, చారు లేదు, ఎట్ల తినేది రా?" అనేది. మెల్ఫలాన్ ఎక్కుతున్నంతసేపు నోట్లో ఐసు ముక్కలు పెట్టుకుంది. చల్లదనానికి నోట్లో రక్తనాళాలు ముడుచుకుని మందు అక్కడికి తక్కువ చేరుతుందట. అయినా గొంతు పూసింది, కొన్నాళ్ళు జావ తప్ప ఏదీ దిగలేదు.

ఆ జావ దగ్గరే ఈ కుక్కర్‌తో తంటా. రాగిపిండి నేరుగా వేస్తే పొంగి వెయిట్ కింది గొట్టంలో ఇరుక్కుంటుంది, చిన్న కుక్కర్ కాబట్టి ఇంకా తొందరగా. ముందు పొయ్యి మీద జావ కాచి, గిన్నెలో సగం వరకే పోసి, ఆ గిన్నెను కుక్కర్ నీళ్ళలో పెట్టాలి. పప్పు నురగకు కూడా అదే మందు.

ఇంకో లోపం రబ్బరు. మిరియాలు, ఇంగువ వాసన పట్టిందంటే ఒక పట్టాన వదలదు. మనకు తెలియదు గానీ కీమో అయినవాళ్ళకు ఆ వాసనకే వాంతి వస్తుంది. కొట్టాయన "ఆస్పత్రికా అన్నా, అట్లయితే రబ్బరు రెండు తీసుకో" అని తనే చెప్పాడు. జావకు ఒకటి, పొంగలికి ఒకటి పెట్టుకుంటే సరిపోయింది. గదిలో గ్యాస్ ఒప్పుకోరు, ఇండక్షనే. అడుగు మరీ చిన్నదైతే కొన్ని స్టవ్‌లు గుర్తుపట్టవు, కాబట్టి కొట్లోనే స్టవ్ మీద పెట్టించి చూడండి. పిడి పొట్టిది, వేళ్ళకు సెగ తగులుతుంది. ఒకటిన్నర లీటరుది ఇంకా ముద్దుగా ఉంది గానీ దాంట్లో నా గిన్నెలు పట్టలేదు.

అయిదుకు నాలుగు ఇస్తాను. ఒకటి తగ్గించింది ఆ పిడికి. కౌంట్ లేచి ఇంటికొచ్చాక అక్క దీన్ని కూతురి హాస్టల్‌కు అడిగింది. ఇయ్యలేదు. అమ్మకు బయటి తిండి ఇంకా ఒప్పుకోలేదు, పెరుగు ఎప్పటినుంచి పెట్టొచ్చో ఈసారి డాక్టర్ దగ్గరికి చెకప్‌కు పోయినప్పుడు అడగాలి.