అర్జున్, టీ-90: ఆవడి ట్యాంకుల్లో ఏది మేలు?

చెన్నై శివార్లలో, ఆవడి హెవీ వెహికిల్స్ ఫ్యాక్టరీలోనే ఈ రెండూ తయారవుతాయి. అర్జున్‌కు రూపమిచ్చింది అక్కడి సీవీఆర్‌డీఈ, అంటే డీఆర్‌డీవో వారి యుద్ధ వాహనాల పరిశోధన సంస్థ. టీ-90 భీష్మ డిజైను రష్యాది. మనవాళ్ళ వాదన సాధారణంగా స్వదేశీయా, విదేశీయా అన్నచోటే ఆగిపోతుంది. అసలు తేడాలు బరువులోనూ మందుగుండు దాచే చోటులోనూ ఉన్నాయి.

టీ-90 బరువు 46.5 టన్నులు, ఇంజను 1000 హెచ్‌పీ (అశ్వశక్తి), అంటే టన్నుకు 21.5 హెచ్‌పీ. అర్జున్ మార్క్-1 58.5 టన్నులు, 1400 హెచ్‌పీ, టన్నుకు దాదాపు 24. దాని మెరుగుపరచిన రూపం మార్క్-1ఏకి వచ్చేసరికి బరువు 68 టన్నులకు పెరిగింది, ఇంజను శక్తి మాత్రం పెరగలేదు. టన్నుకు 20.6కి పడిపోయింది. పంజాబ్ కాల్వల మీది వంతెనలకు, ట్యాంకులు మోసే ట్రెయిలర్లకు ఈ బరువు పెద్ద పరీక్ష. అక్కడ టీ-90దే పైచేయి, సందేహం లేదు.

ఇక లోపలికి చూడండి. టీ-90లో గన్నర్, కమాండర్ కూర్చునేచోట నేల కిందే గుండ్లను తనంతట తానే ఫిరంగిలోకి ఎక్కించే పళ్ళెంలాంటి ఆటోలోడర్ ఉంటుంది. అందులో 22 రౌండ్లు. గన్నర్ రకం ఎంచుకోగానే పళ్ళెం తిరుగుతుంది, ఫిరంగి లోడింగ్ కోణానికి వస్తుంది, ముందు గుండు, దాని వెనక దాన్ని తోసే పేలుడు మందు గొట్టంలోకి దూరతాయి. నిమిషానికి 6 నుంచి 8 రౌండ్లు కాల్చవచ్చు. నాలుగో మనిషి అక్కర్లేదు కాబట్టి ట్యాంకు చిన్నదిగా, పొట్టిగా ఉంటుంది.

చిక్కంతా మిగతా 21 రౌండ్లతోనే. వాటిని సిబ్బంది పక్కనే ఖాళీ ఉన్నచోటల్లా సర్దుతారు. మందు పెట్టిన డబ్బా కూడా కాలిపోయే రకమే. కవచం చీల్చుకుని నిప్పు లోపలికొస్తే మందు ఒక్కసారిగా అంటుకుంటుంది, ఆ వాయువుకు దారి ఉండదు, టరెట్, అంటే ఫిరంగి ఉండే తిరిగే పైభాగం, ఎగిరిపోతుంది. ఉక్రెయిన్‌లో టీ-72, టీ-90లకు జరిగింది ఇదే. ముగ్గురూ బతికే అవకాశం దాదాపు ఉండదు.

అర్జున్‌లో లోడర్ చేత్తోనే గుండు ఎక్కిస్తాడు. ఎగుడుదిగుడు నేల మీద అది ఒళ్ళు హూనమయ్యే పని. కానీ మార్క్-1ఏలో రౌండ్లు విడివిడి మూతలున్న అరల్లో ఉంటాయి. పైగా ట్రాక్ (చక్రాల చుట్టూ ఉండే ఇనుప పట్టా) తెగినప్పుడు, రాత్రి కాపలాకు నాలుగో జత చేతులు ఎంత అవసరమో ట్యాంకు దళంలో ఎవరినడిగినా చెబుతారు.

వెనక్కి వెళ్ళడం చిన్న విషయం కాదు. టీ-90 రివర్స్ వేగం గంటకు 5 కిలోమీటర్ల లోపే, మనిషి నడకంత. దెబ్బ తిన్నాక చాటుకు తప్పుకోవాలంటే శత్రువుకు వీపు చూపాలి, వెనక కవచమేమో పలుచన. అర్జున్ గేర్‌బాక్సులో రెండు రివర్స్ గేర్లున్నాయి.

ఫిరంగి విషయంలో టీ-90 మెరుగు. దాని 125 మి.మీ. నున్నటి గొట్టం నుంచే 5 కిలోమీటర్ల దాకా ఇన్వార్ క్షిపణి వెళ్తుంది. అర్జున్‌ది 120 మి.మీ. మరగొట్టం, అంటే లోపల మెలికల గాళ్ళున్నది, బంకర్లను పగలగొట్టే హెష్ గుండ్లకు అనువైనది.

అర్జున్ ఇంకా యుద్ధం చూడలేదు. అయినా థార్ ఎడారికి, సిబ్బంది ప్రాణాలకు అర్జునే మేలు. కాల్వల పంజాబ్‌కు, పెద్ద సంఖ్యలో దళాలు నింపడానికి టీ-90. 2024 మార్చిలో మైసూరు బెమెల్‌లో తొలిసారి నడిపి చూసిన 1500 హెచ్‌పీ స్వదేశీ ఇంజను మార్క్-1ఏలోకి ఎక్కితే టన్నుకు 22 హెచ్‌పీ దక్కుతుంది.