ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్: పీజీ రెండేళ్లూ దీంతోనే చదివాను

నాకు చూపు లేదు. డిగ్రీ మూడేళ్లూ ఫ్రెండ్స్ చదివి వినిపిస్తే విని గుర్తుపెట్టుకున్నదే, వాళ్లకి తీరిక దొరికినప్పుడే నా చదువు. పీజీలో చేరాక ఎన్‌వీడీఏ వేసుకున్నాను. ఆ తర్వాత అర్ధరాత్రి చదవాలనిపిస్తే అర్ధరాత్రే చదివాను, ఒకే పేరా పదిసార్లు వినాలనిపిస్తే పదిసార్లూ విన్నాను, ఎవరూ విసుక్కోలేదు. నాలాంటి స్టూడెంట్స్‌కి ఈ సంగతి తెలియాలనే ఈ రివ్యూ.

విండోస్ కంప్యూటర్ తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఇది. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కర్రన్ మొదలుపెట్టారు, తర్వాత జేమ్స్ టే తోడయ్యారు, ఇద్దరికీ చూపు లేదు. వాడుతుంటే ఆ సంగతి తెలుస్తూనే ఉంటుంది, హెచ్ నొక్కితే తర్వాతి హెడింగ్‌కి, కే నొక్కితే లింక్‌కి, టీ నొక్కితే టేబుల్‌కి వెళ్లిపోతాం. పూర్తిగా ఉచితం. ఇలాంటిదే ఇంకో స్క్రీన్ రీడర్ జాస్ కూడా మంచి సాఫ్ట్‌వేరే కానీ లైసెన్స్ కొనాలి, స్కాలర్‌షిప్ ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూసేవాళ్లకి అది అయ్యే పని కాదు.

నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే పోర్టబుల్ కాపీ. మా కాలేజీ ల్యాబ్‌లో బయటి సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయనివ్వరు, అడిగితే పై నుంచి పర్మిషన్ రావాలన్నారు, సెమిస్టర్ అయిపోయినా రాలేదు. పెన్‌డ్రైవ్‌లో పోర్టబుల్ కాపీ పెట్టుకుని వెళ్లేదాన్ని. ముందు విండోస్, కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కి విండోస్‌తోనే వచ్చే స్క్రీన్ రీడర్ నెరేటర్ ఆన్ చేయడం, దాని సాయంతో పెన్‌డ్రైవ్ తెరిచి ఎన్‌వీడీఏ మొదలుపెట్టడం, వెంటనే నెరేటర్ ఆపేయడం. లేకపోతే రెండు గొంతులూ ఒకేసారి మాట్లాడతాయి. లాగిన్ స్క్రీన్‌ని మాత్రం పోర్టబుల్ కాపీ చదవలేదు.

లోపాలూ చెప్పాలి. దాంతో వచ్చే ఈస్పీక్ గొంతు మరమనిషి మాట్లాడినట్టు ఉంటుంది, తెలుగు చదువుతుంది కానీ మొదటి వారం తలనొప్పే. అలవాటయ్యాక స్పీడ్ బాగా పెంచినా మాట స్పష్టంగా వినిపిస్తుంది, నేను ఇప్పటికీ అదే వాడుతున్నా. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లతో ఇంకా కష్టం. ఎన్‌వీడీఏ కీతో (మామూలుగా ఇన్సర్ట్ కీ) ఆర్ నొక్కితే తెర మీద కనిపించేంతవరకు అక్షరాలు గుర్తుపట్టి చదువుతుంది, అంటే నలభై పేజీల పేపర్‌కి నలభై సార్లు నొక్కాలి, రెండు కాలమ్‌లు ఉంటే ఈ వాక్యం సగం ఆ వాక్యం సగం కలిసిపోతాయి. క్లాసులో మిగతావాళ్లు గంటలో ముగించిన రీడింగ్ నాకు ఒక సాయంత్రం పట్టేది. ఆ తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, పుస్తకాన్ని ఫొటో తీసి ఇచ్చినవాళ్లది. చదవగలిగే ఫైల్ ఇవ్వమని లైబ్రరీలో అడిగితే కాపీరైట్ అన్నారు. సరిగ్గా ఆ అడ్డు తీయడానికే 2013లో మరాకేష్ అనే అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది, 2016 నుంచి అమల్లో ఉంది. దాని ప్రింట్ తీసుకెళ్లి ఇచ్చాకే ఫైళ్లు రావడం మొదలైంది.

ఆన్‌లైన్ ఇంటర్నల్ పరీక్ష ఒకటి ఇప్పటికీ మర్చిపోలేను. పేజీలో ఏ బటన్‌కీ పేరు పెట్టలేదు, ట్యాబ్ నొక్కినప్పుడల్లా "బటన్", "బటన్", "బటన్" అనే వినిపిస్తోంది. ఏది తర్వాతి ప్రశ్నో, ఏది సబ్మిటో తెలియదు, టైమర్ నడుస్తోంది, ఆ టెన్షన్‌లో మూడో ప్రశ్న దగ్గరే సబ్మిట్ అయిపోయింది. మా మేడమ్‌ని పక్కన కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్స్ ఆమె చెవులకి పెట్టి, తెర ఆపేసి, అదే పేజీ వినిపించాను. రెండు నిమిషాలు విని హెడ్‌ఫోన్స్ తీసేశారు. మర్నాడు అదే పరీక్ష నాకు వర్డ్ ఫైల్‌లో పెట్టారు, ప్రతి ప్రశ్నా ఒక హెడింగ్. హెచ్ నొక్కుతూ పన్నెండు ప్రశ్నలూ రాసి, ఇంకా టైమ్ మిగిలితే మొదటి నుంచి ఒకసారి మళ్లీ విన్నాను.