రబ్బరు డైలకు టెఫ్లాన్ పూత: ఎక్కడ గిట్టుబాటు, ఎక్కడ దండగ

రబ్బరు పార్టులు ఒత్తే ప్రెస్ డైలకు, రబ్బరు అంటుకోకుండా జాబ్‌వర్క్ మీద వేసే పూతలన్నిటినీ మార్కెట్లో టెఫ్లాన్ అనే అంటారు. కొటేషన్‌లో మాత్రం పీటీఎఫ్‌ఈనా, ఎఫ్‌ఈపీనా, పీఎఫ్‌ఏనా అన్నది రాయించుకోండి. మొదటిదీ చివరిదీ 260 డిగ్రీల దాకా ఆగుతాయి, ఎఫ్‌ఈపీ 200 దాకా. రబ్బరు సాధారణంగా 150–180 మధ్యే ఉడుకుతుంది కాబట్టి వేడి విషయంలో మూడూ చాలు. తేడా పొరలో ఉంది. పీటీఎఫ్‌ఈ బేకింగ్‌లో మెత్తబడుతుంది తప్ప పారదు, అందుకే సన్న రంధ్రాలు మిగులుతాయి. ఒకేసారి మందంగా కొడితే ఎండిన చెరువు మట్టిలా బీటలు వారుతుంది. మిగతా రెండూ కరిగి పరుచుకుంటాయి. రేటు ఎక్కువైనా మా ఓటు పీఎఫ్‌ఏకే.

ఇంజన్ మౌంటింగులు, బుష్‌ల లాంటి రబ్బరు-లోహం కలిపిన పార్టులు చేసేవాళ్లకు దీని విలువ బాగా తెలుస్తుంది. పార్టు డైకి అంటకుండా కొట్టే సిలికాన్ స్ప్రే తుంపర ఇన్సర్ట్ (రబ్బరులో కూర్చే లోహపు ముక్క) మీద పడిందా, రబ్బరు పట్టదు, పార్టు రిజెక్టే. పూత ఉంటే స్ప్రే చాలావరకు మానేయొచ్చు.

ఓ-రింగ్ డైకి అంత తేలిక కాదు. ఒక్కో సగానికి 25 మైక్రాన్ల పూత పడితే రింగు మందం 50 మైక్రాన్లు తగ్గుతుంది. డై కోసేటప్పుడే ఆ లెక్క పట్టుకోవాలి. డై సగాలు రెండూ కలిసే పార్టింగ్ ఫేస్‌కు పూత పడకుండా మాస్కింగ్ చేయించకపోతే ప్రెస్ ఒత్తిడికి పూత నలిగి అంచు నుంచి లేస్తుంది.

పూత పెచ్చులుగా ఊడుతోందంటే, పూతకు ముందు డైని సిద్ధం చేసిన తీరునే మొదట అనుమానించండి. పాత డైలో ఇంకిన సిలికాన్ సాల్వెంట్‌తో తుడిస్తే పోదు. 400 డిగ్రీల ఓవెన్‌లో కాల్చి, అల్యూమినియం ఆక్సైడ్ రవ్వను జోరుగా కొట్టి గరుకు చేసి (బ్లాస్టింగ్), తుప్పు తగలకముందే పూత కింది తొలి పొరైన ప్రైమర్ కొట్టాలి. బ్లాస్టింగ్ వల్ల అద్దం పాలిష్ పోతుంది, సన్న అక్షరాలు మొద్దుబారతాయి. మెరిసే పార్టు కావాలనుకునేవాళ్లు ఈ జోలికే రావద్దు.

బేకింగ్ వేడి 370–400 డిగ్రీలు. పీ20 రకం డై స్టీలుకు ఇబ్బంది లేదు. 200 దగ్గర టెంపర్ చేసిన (గట్టిపరిచాక మళ్లీ వేడి చేసిన) డీ2 స్టీలు మాత్రం గట్టిదనం కోల్పోతుంది, టీ6 (వేడితో గట్టిపరిచిన) అల్యూమినియం మెత్తబడుతుంది. డై పంపేటప్పుడు ఏ లోహమో, టెంపరింగ్ ఎంతకు చేశారో చెప్పండి.

వాడకంలో ఇత్తడి గీకుడు కూడా వద్దు, నైలాన్ బ్రష్ చాలు. పాత పూత తీయడానికి గ్యాస్ కట్టర్ మంట పెట్టే షెడ్లున్నాయి. ఆ పొగ విషం. పొగ బయటికి లాగే ఓవెన్ ఉన్నచోటికే పంపండి.