కొబ్బరికి ఏడు బటన్లు: ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో మూడేళ్లు

మాది పి.గన్నవరం దగ్గర ఒక గోదావరి లంక ఊరు. ధవళేశ్వరంలో మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగుల దగ్గర ఇస్తారని మా ఊళ్లో బడికెళ్లే పిల్లలకి కూడా తెలుసు. 2022 జూలైలో వరద అది కూడా దాటి, 25 లక్షల క్యూసెక్కుల పైన వచ్చింది. బియ్యం, బట్టలు, టీవీ అటక మీదికి ఎక్కించి పడవెక్కాం. మంచం కింద ఉన్న మామయ్యగారి ట్రంకుపెట్టె ఎవరికీ గుర్తు రాలేదు.

అందులో మా కొబ్బరి తోట దింపు లెక్కల పుస్తకాలు పద్నాలుగున్నాయి. ఏ దింపుకి ఎన్ని కాయలు దిగాయి, దింపు కూలి ఎంత, ఒలుపు కూలి ఎంత, అంబాజీపేటలో వెయ్యి కాయలు ఎంతకి పోయాయి, ఎవరి దగ్గర ఎంత బాకీ, అన్నీ ఆయన చేతిరాతలో ఉన్నాయి. నీళ్లు తీశాక పేజీలు ఒక్కొక్కటీ విడదీసి దండేల మీద ఆరేశాం. బాల్‌పెన్ను రాత నిలిచింది. ఇంకుపెన్నుతో రాసినవి నీలం మరకలయ్యాయి.

"మిగిలినవైనా కంప్యూటర్‌లోకి ఎక్కించెయ్యమ్మా" అన్నాడు మా అబ్బాయి బెంగళూరు నుంచి, కుక్కర్ స్టవ్ మీద పెట్టెయ్యమన్నంత తేలిగ్గా. వాడు వదిలేసిన పాత ల్యాప్‌టాప్ ఇంట్లో ఉంది. నాకప్పటికి నలభై ఆరేళ్లు. మౌస్ పట్టుకోవడం వచ్చు, అంతే. అక్కడ మొదలైంది ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరికతో నా సావాసం.

ఇది కొనుక్కునే వస్తువు కాదు. విండోస్ భాషల సెట్టింగుల్లో తెలుగు చేర్చుకుంటే వచ్చే కీబోర్డే ఇది. లినక్స్‌లోనూ ఉంటుంది. విండోస్ బటన్, స్పేస్ బార్ కలిపి నొక్కితే ఇంగ్లిష్ నుంచి తెలుగుకి, మళ్లీ నొక్కితే వెనక్కి. మన దేశ భాషలన్నిటికీ ఒకే అమరిక ఉండాలని 1991లో వచ్చిన ప్రభుత్వ ప్రమాణంలోనే ఇది ఉంది. అంటే ఇది నా పెళ్లికి ముందు నుంచీ ఉంది, నాకే ఆలస్యంగా తెలిసింది.

ఫోన్‌లో లాగా ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టి తెలుగు రప్పించుకోవచ్చు కదా అని అందరూ అడుగుతారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. ఒకసారి అత్తయ్యకి కాళ్లు నొప్పులుగా ఉన్నాయని ఆడపడుచులకి మెసేజ్ పెడితే, ఫోను 'కాళ్లు' తీసేసి 'కల్లు' పెట్టింది. చూసుకోకుండా పంపేశాను. వారం రోజులు నవ్వుకున్నారు, అత్తయ్యతో సహా. మెసేజ్‌లో అయితే నవ్వుకుని వదిలేయొచ్చు. లెక్కల పుస్తకంలో మనిషి పేరో ఊరి పేరో తప్పు పడితే ఎవరు సరిచేస్తారు? ల కావాలా ళ కావాలా అన్నది యంత్రం ఊహించకూడదు, నా వేలు చెప్పాలి. ఇన్‌స్క్రిప్ట్‌లో ల ఎక్కడో, షిఫ్ట్ పట్టుకుంటే ళ కూడా అక్కడే. అనుమానానికి చోటు లేదు.

మొదటి వారం మాత్రం నరకం. 'అ' దొరకడానికే నాకు పది నిమిషాలు పట్టింది. అది షిఫ్ట్ పట్టుకుని ఇంగ్లిష్ డి బటన్ నొక్కితే వస్తుంది. షిఫ్ట్ లేకుండా అదే బటన్ నొక్కితే పొల్లు, అంటే ఒత్తులు కలిపే గుర్తు. 'అమ్మ' అని రాయాలంటే అ, మ, పొల్లు, మ. జీమెయిల్ తెరుద్దామని భాష మార్చుకోకుండా ఇంగ్లిష్ అనుకుని కొడితే గుడి లేని దేవుడిలా ఒక ఒంటరి కొమ్ము, పక్కన 'సోగత' అని పడ్డాయి. ఈ తప్పు మూడేళ్లయినా పోలేదు. రోజుకి రెండుసార్లైనా చేస్తాను.

అమలాపురంలో కీబోర్డు మీద అంటించే స్టిక్కర్లు అడిగితే తెలుగువి లేవన్నారు. మార్కర్‌తో అక్షరాలు రాసుకున్నాను. ఎండాకాలం, చేతి చెమట, ఇరవై రోజులకే చెరిగిపోయాయి. నిజానికి అదే మేలైంది. అప్పటికి సగం వేళ్లకి ఎక్కేశాయి, మిగతా సగం కాగితం మీద గీసి గోడకి అంటించుకున్నాను.

రెండో వారంలో ఒక సంగతి తట్టాక ఈ అమరిక మీద గౌరవం పుట్టింది. గుణింతాలన్నీ ఎడమ చేతికి, హల్లులన్నీ దాదాపు కుడి చేతికి ఇచ్చారు. ప, క, త, చ, ట మధ్య వరసలో ఉంటాయి. వాటి పైనే బ, గ, ద, జ, డ. షిఫ్ట్ పట్టుకుంటే వాటి ఒత్తక్షరాలు: కకి ఖ, గకి ఘ. గుడి కింద ఉంటే గుడిదీర్ఘం దాని పైన, కొమ్ము కింద ఉంటే కొమ్ముదీర్ఘం దాని పైన. చిన్నప్పుడు పలక మీద దిద్దిన వర్ణమాలనే ఎవరో మడతపెట్టి కీబోర్డులో సర్దినట్టుంది. ఎడమా కుడీ చేతులు మార్చి మార్చి పడుతుంటే రోకటిపోటులా ఒక లయ వస్తుంది. ఇంగ్లిష్ టైపు చేసేటప్పుడు నాకు ఆ లయ ఎప్పుడూ రాలేదు.

మా కోడలు కన్నడమ్మాయి. సంక్రాంతికి వచ్చినప్పుడు నేను టైపు చేస్తుంటే పక్కన కూర్చుని, తన ఫైల్ తెరిచి, కన్నడ కీబోర్డు పెట్టి చూసింది. క ఉన్నచోటే వాళ్ల క. ప ఉన్నచోటే ప. అత్తాకోడళ్లం ఒకరి భాష ఒకరికి చదవడం రాదు గానీ వేళ్లు మాత్రం ఒకేచోట పడ్డాయి. ఆ పూట అరిసెలు కాస్త మాడాయి.

ఇక నా పెద్ద ఫిర్యాదు. ఎ, ఒ లకి సంబంధించిన గుర్తుల్ని మూలలకి నెట్టేశారు. ఎత్వం కింది వరసలో ఎడమ చివర ఉంటుంది, చిటికెనవేలు దించాలి. ఒత్వం మరీ ఘోరం. ఎస్కేప్ బటన్ కింద, ఒకటి అంకె పక్కన, మూలమీద ఉన్న చిన్న బటన్. హిందీలో హ్రస్వ ఎ, ఒ లు లేవు కాబట్టి వాళ్లకి ఆ మూలతో పనే పడదు. మనకో? కొడుకు, పొలం, గొడవ, తొందర, ఒకటా రెండా! పైగా మా బతుకే కొబ్బరి. క, ఒత్వం, బ, పొల్లు, బ, ర, గుడి: ఏడు బటన్లు, అందులో రెండోది ఆ మూలది. ఒక్కో పేజీలో ఇరవైసార్లు వస్తుంది ఆ మాట. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టినా ఏడే అవుతాయి, కాబట్టి లెక్కలో నష్టం లేదు, చిటికెనవేలికే నష్టం. అదే 'ఆవకాయ' అయితే అయిదు బటన్లతో చకచకా పడిపోతుంది. కొబ్బరి తోట కాకుండా మామిడి తోట ఉండి ఉంటే నా సమీక్ష వేరుగా ఉండేదేమో.

ఇంకో చిన్న చిక్కు. రాజ్‌కుమార్ లాంటి పేరు కొడితే రెండు ముక్కలూ కలిసిపోయి 'రాజ్కుమార్' అయిపోతుంది. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, 2 కలిపి నొక్కితే మధ్యలో కనబడని అడ్డు పడి విడిగా నిలుస్తుందని తెలియడానికి నాకు ఏడాది పట్టింది. ఎవరూ చెప్పరు ఇలాంటివి.

మరొకటి కూడా చెప్పాలి. ఇందులో కొట్టింది యూనికోడ్ తెలుగు. ఏ ఫోన్‌లోనైనా, ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకుంటుంది, వెతికితే దొరుకుతుంది. కానీ శుభలేఖలు వేసే ఒక చోటికి మా మరిది కూతురి పెళ్లికి మేటర్ కొట్టి తీసుకెళ్తే, వాళ్ల పాత ఫాంట్లలో అది గజిబిజిగా వచ్చింది. మళ్లీ మొత్తం కొట్టుకున్నారు. ప్రింటింగ్ పనికి వెళ్లేవాళ్లు ముందే అడగండి.

వేగం సంగతికొస్తే, మొదట్లో పుస్తకంలో ఒక పేజీకి మధ్యాహ్నం అంతా పట్టేది. ఇప్పుడు ఇరవై నిమిషాలు. అదీ అత్తయ్య ఊరుకుంటే. ఆవిడ ఊరుకోదు. మామయ్యగారి రాత ఆవిడకే అర్థమవుతుంది, 'ద'ని 'డ'లా రాసేవారట. అందుకని భోజనాలయ్యాక ఆవిడ చదువుతుంది, నేను కొడతాను. ఒక పేరు రాగానే ఆగిపోయి, "అమ్మాయ్, వీడెవరనుకున్నావ్?" అని మొదలుపెడుతుంది. బాకీ ఎగ్గొట్టినవాడి పెళ్లి, తుపానుకి పడిపోయిన చెట్ల లెక్క, మామయ్యగారు ఆవిడకి చెప్పకుండా కొన్న సైకిలు. లెక్కల ఫైల్ పక్కనే ఇంకో ఫైల్ తెరిచి అవీ కొడుతున్నాను. మాట్లాడే మనిషి వెంట వేళ్లు పరిగెత్తాలంటే కీబోర్డు చూడకూడదు. నాకు ఇన్‌స్క్రిప్ట్ నిజంగా వచ్చింది పాఠాల వల్ల కాదు, అత్తయ్య ఆగకపోవడం వల్ల.

మావారు మొదట్లో "ఈ వయసులో నీకెందుకే ఇదంతా" అన్నారు. పోయినేడు తోట కౌలు మాట్లాడేటప్పుడు, పాత దింపుల్లో ఏ నెలలో కాయ తగ్గేదో చూసి చెప్పమని ఆయనే వచ్చి వెనక నిలబడ్డారు. నేను కాసేపు కావాలనే ఆలస్యం చేశాను.

ఫోన్‌లో నాలుగు మాటలు పంపడానికే అయితే దీన్ని నేర్చుకోనక్కర్లేదు. అలాంటివాళ్లకి ఇంగ్లిష్ అక్షరాల పద్ధతే హాయి. రోజూ ఒక పేజీ తెలుగు కొట్టాల్సినవాళ్లు, సంఘం తీర్మానాలు రాసేవాళ్లు, టీచర్లు మూడు వారాలు పళ్లు బిగపట్టుకుంటే చాలు. అయిదుకి నాలుగు మార్కులేస్తాను. పోయిన ఆ ఒక్కటీ ఒత్వం ఖాతాలోదే.

పదకొండు పుస్తకాలు అయ్యాయి, మూడున్నాయి. ల్యాప్‌టాప్ బ్యాటరీ చచ్చిపోయింది, కరెంటు పోతే పని ఆగిపోతోంది. కొత్తది కొంటానని అబ్బాయి రకరకాల ఫొటోలు పంపుతున్నాడు. రంగు, స్క్రీను నీ ఇష్టంరా, ఎస్కేప్ కింద ఆ మూల బటన్ కాస్త పెద్దగా ఉన్నది చూడు అన్నాను.